పడుకుంటే గానీ అందని నట్టు

మొన్న ఖరగ్‌పూరు గోల్‌బజారులో ఒక ఇనుపసామాన్ల కొట్టు ముందు చాలాసేపు నిలబడ్డాను. తాల్‌బగీచాలో నేనుంటున్న ఇంట్లో వంటగది సింకు మీది కుళాయి కదులుతోంది. చెయ్యి వేస్తే చాలు, ఊడబోయే పాలపన్నులా అటూ ఇటూ ఊగుతోంది. అంటే కింద నట్టు వదులైందన్నమాట. ఎవరినైనా పిలిపించుకోరాదా అని పక్కింటివాళ్ళు అన్నారు. రైల్వేలో పైపు ఫిట్టరుగా పనిచేసి ముప్పై ఏళ్ళపాటు ఊరందరి సింకుల కిందా దూరిన మనిషి తన సింకు కోసం ఇంకొకరిని పిలిపించుకోదు. నా పాత పనిముట్టు తుప్పుపట్టి తల తిరగడం మానేసింది గనక కొత్తది కొనడానికి వెళ్ళాను. కొట్టు యజమాని గోడకు వేలాడుతున్నవాటిలోంచి ఎర్రటి ప్లాస్టిక్ గొట్టం లాంటిది ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. దానికి రెండు చివరలా రకరకాల గంట్లున్నాయి. "మాషీమా, ఎటా నియే జాన్. ఎక్‌టాతేయీ సబ్ కాజ్" అన్నాడు. ఇదొక్కటి పట్టుకెళ్తే అన్ని పనులూ అయిపోతాయట. మా ఇంట్లో నట్టు ఎక్కడుందో నువ్వు చూడలేదు కదా నాయనా, ఏది కావాలో నీకెలా తెలిసింది అని అడిగాను. ముసలివాళ్ళ మాటలకు నవ్వే నవ్వొకటి ఉంటుంది, అది నవ్వాడు. నేను దాన్ని మళ్ళీ కొక్కేనికి తగిలించి వచ్చేశాను. దారి పొడుగునా నాకు పని నేర్పిన దానియేలు మేస్త్రిగారి గొంతు చెవిలో వినిపిస్తూనే ఉంది. "ముందు కింద పడుకొని సూడమ్మా. సూసినాక సెయ్యి సాపు."

సింకు కింద పని తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. కుళాయి పైన కనిపిస్తుంది గానీ దాన్ని పట్టి ఉంచే నట్టు కింద, తొట్టి వీపుకీ గోడకీ మధ్య, చెయ్యి కూడా సరిగా పట్టని సందులో ఉంటుంది. అక్కడికి వెళ్ళగలిగే పనిముట్లు మూడు. స్లైడ్ రెంచి నోరు కావలసినంత తెరుచుకుంటుంది, కానీ దాని పిడి తిరగడానికి చోటు కావాలి. పైపు రెంచికి పళ్ళుంటాయి, పిడి పొడుగ్గా ఉంటుంది, పక్కనుంచి కూడా అందుతుంది. కానీ అది ఇనుప గొట్టాల కోసం పుట్టింది. ఇత్తడి నట్టును పట్టుకుంటే కొరికేస్తుంది. మూడోదాన్ని మా సెక్షన్‌లో తెలుగువాళ్ళం కొంగ అనేవాళ్ళం. పొడుగాటి కడ్డీ, పైన పక్కకు తిరిగిన ముక్కు. ముక్కును ఒక పక్కకు తిప్పితే బిగిస్తుంది, ఇంకో పక్కకు తిప్పితే విప్పుతుంది. సందులోకి నిటారుగా పైకి వెళ్ళి నట్టును పట్టుకుంటుంది. దానికి ఒక్కటే షరతు. పట్టుకున్నదో లేదో తెలియాలంటే దాని కిందనే మనిషి ఉండాలి. వెల్లకిలా, వీపు నేలకు ఆనించి.

ఈ ఒక్క షరతు మా ఇంటికి ఎంత పెద్దదో చెప్పాలంటే మా నాయనమ్మ గురించి చెప్పాలి. శ్రీకాకుళం వైపు నాలుగు ఊళ్ళ మీద మా ముత్తాతగారి మాట చెల్లుబాటయ్యేదట. మా తాతగారి నాటికి ఊళ్ళు పోయాయి, ఇల్లు పోయింది, ఆ తరువాత తాతగారూ పోయారు. మా నాన్న ఖరగ్‌పూరు వచ్చి వర్క్‌షాపులో ఖలాసీగా చేరి, బోగీలు బాగుచేసే ఫిట్టరు అయ్యాడు. ఆయన వెంట ఒక్క ట్రంకు పెట్టెతో దిగిన నాయనమ్మ ట్రాఫిక్ అనే కాలనీలోని రైల్వే క్వార్టరులో కూడా నాలుగు ఊళ్ళ దొరసానిగానే బతికింది. వీధి కుళాయి దగ్గరికి బిందెతో వస్తుంటే అక్కడి ఆడవాళ్ళు "జరగండే, దొరసానమ్మగారొచ్చినారు" అనేవారు. అందులో సగం వెక్కిరింతే. ఆవిడ మాత్రం ఆ సగాన్ని వినకుండా, తనకు రావలసిన మర్యాదే వచ్చిందన్నట్టు తలపంకించి బిందె పెట్టేది. ఆ కాలనీలో మా వైపువాళ్ళందరి నోటా చ అంతా స అయిపోతుంది. సూడు, సెప్పు, సేసినాను. నాయనమ్మ ఒక్కతే చ ని జారనిచ్చేది కాదు. మధ్యాహ్నం సైరను మోగి కాలనీ కునికేవేళ వంటగది తలుపు మూసుకుని, చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ కాల్చేది. ఆ చుట్ట వాసన వీధి మలుపు దాకా పోయేది, ఎవరికీ తెలియదని ఆవిడ నమ్మకం. పొద్దున్న చోడి అంబలి తాగినా కంచు గిన్నెలోనే తాగేది. అన్నిటికన్నా ముఖ్యమైన నియమం వీపుది. పీట మీద కూర్చున్నా, మంచం మీద కూర్చున్నా, రైల్వే ఆసుపత్రి బల్ల మీద మూడు గంటలు కూర్చున్నా ఆవిడ వీపు దేనికీ ఆనేది కాదు. చిన్నప్పుడు నేను గోడకు చేరగిలబడితే విసనకర్ర పిడితో వెన్ను మీద పొడిచేది. "నిటారుగా, రాజ్యం. మనది వీపు ఆనించే ఇల్లు కాదు."

అమ్మ నా చిన్నతనంలోనే పోయింది. ఇంటరు పూర్తయిన ఏడాది నాన్న కూడా పోయాడు. జ్వరం, కామెర్లు, పద్దెనిమిది రోజులు. మిగిలింది నాయనమ్మా నేనూ. రైల్వేలో మనిషి పోతే ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తారు. నాకు ఇచ్చింది వర్క్స్ విభాగంలో, క్వార్టర్ల నీటి పైపులూ కుళాయిలూ చూసే సెక్షన్‌లో ఖలాసీ పని. అక్కడ ఆడవాళ్ళు మరో ఇద్దరుండేవారు. ఇద్దరూ భర్తలు పోయాక వచ్చినవారే, ఆఫీసులో మంచినీళ్ళు అందిస్తూ ఫైళ్ళు మోస్తూ ఉండేవారు. నన్నూ అక్కడే కూర్చోమన్నారు. బాబులకు నీళ్ళగ్లాసులు అందించడం కన్నా సంచీ మోయడం నయమనిపించి, నేను పైపుల గాంగులోకి వెళ్తానన్నాను. అది ధైర్యమని అప్పట్లో కొందరు మెచ్చుకున్నారు. ఇంకొకరి ముందు గ్లాసు పట్టుకుని నిలబడలేని పొగరు అది.

అసలు చిక్కు క్వార్టరుతో వచ్చింది. నాన్నది రెండు గదులూ వెనక వసారా ఉన్న క్వార్టరు. అది ఫిట్టరు దర్జాకు వచ్చేది, ఖలాసీకి రాదు. గడువు లోపల నేను ట్రేడ్ టెస్టు నెగ్గి ఫిట్టరునైతే అది నా పేరున మారుతుంది. లేకపోతే ఖాళీ చేసి నిమ్‌పురాలో ఒంటిగది క్వార్టరుకు వెళ్ళాలి. నాలుగు ఊళ్ళ నుంచి రెండు గదులకు దిగిన నాయనమ్మను ఆ రెండు గదుల నుంచి ఒక్క గదికి దించడమా ఆపడమా అన్నది నా చేతిలో ఉంది. ఆవిడ ఆ మాట ఒక్కసారే అంది. "ఈ గడప నేను నా కాళ్ళ మీద దాటను, రాజ్యం" అని. తరువాత మళ్ళీ ఎత్తలేదు. ఎత్తకపోవడమే నాకు బరువైంది.

మా గాంగు మేస్త్రి దానియేలుగారిది ఖరగ్‌పూరులో మూడు తరాల క్రైస్తవ కుటుంబం. మనిషి పొట్టి, మీసం తెల్లన, ఆదివారం తప్ప మిగతా రోజులన్నీ ఆయన చొక్కాకు సఫేదా మరకలుండేవి. పైపుల కీళ్ళకు చుట్టే జనపనార, దాని మీద పూసే సఫేదా, తడిసిన సున్నం, పాత కుళాయి విప్పగానే వచ్చే చిలుము వాసన. నా ఇరవయ్యో ఏడు మొత్తం ఆ వాసనే. ఇంటికొచ్చి ఎంత తోముకున్నా గోళ్ళ సందుల్లో ఉండిపోయేది. నాతోటి ఖలాసీ అప్పన్న నోరు ఊరుకునేది కాదు. మొదటిరోజే నా పేరడిగి, రాజ్యలక్ష్మి అనగానే సంచీ దించి నడుమ్మీద చేతులు పెట్టుకున్నాడు.

"రాజ్యం ఎల్లిపోయింది గాని రాజ్యమ్మ మిగిలినాదన్నమాట."

"నోరు ముయ్యరా అప్పన్నా" అన్నారు మేస్త్రిగారు. "ఆ పిల్ల నీకంటే ముందు ఫిట్టరు అవుద్ది. అప్పుడు నువ్వే మోస్తావు సంచీ."

"మోస్తానండి. అమ్మగారికి పల్లకీ కూడా మోస్తాను. ఇద్దరం సాలం, ఇంకో ఇద్దర్ని సూడండి."

నాకు కోపం వచ్చింది, కానీ చూపించలేదు. చూపించకపోవడం కూడా నాయనమ్మ నేర్పిందే. పని మాత్రం త్వరగా పట్టుబడింది. నా చేతులు పొడుగు, పట్టు గట్టిది. నాలుగు నెలలకే కుళాయి శబ్దం విని లోపల వాషరు అరిగిందో, సీటు అరిగిందో చెప్పగలిగేదాన్ని. మేస్త్రిగారు పనిముట్ల సంచీని ఎప్పుడూ సింకుకు రెండు అడుగుల దూరంలో పెట్టించేవారు. ఎవరైనా వస్తూనే సంచీలో చెయ్యి పెడితే ఆ చేతి మీద చరిచేవారు. ఆయన పద్ధతి ఒక్కటే. ఉత్త చేతులతో కింద పడుకోవాలి. నట్టుకు ఎన్ని మూలలు మిగిలాయో, చుట్టూ ఎంత చోటుందో, తుప్పు ఎంతుందో చూడాలి. అప్పుడు పైకి చూడకుండా చెయ్యి చాపి, కావలసినదాన్ని పేరు పెట్టి అడగాలి. "నిలుసుని సూస్తే అన్ని రెంచీలూ సరిపోతాయనిపిస్తాది. పడుకుంటే ఒక్కటే సరిపోద్ది" అనేవారు.

నేను మాత్రం పడుకోలేదు. ఆయన కూడా మొదట గమనించలేదు. మోకాళ్ళ మీద కూర్చునేదాన్ని, తల పక్కకు వాల్చి చెంప నేలకు దగ్గరగా తెచ్చేదాన్ని, భుజం మెలితిప్పి చెయ్యి దూర్చేదాన్ని. పొడుగు చేతులు కనక పదింట తొమ్మిది పనులు అలాగే జరిగిపోయేవి. పదోదానికి "మేస్త్రిగారూ, ఇది మీరు చూడండి" అనేదాన్ని. చీర మీద ఖాకీ చొక్కా వేసుకునే ఆడపిల్ల పదిమందిలో వెల్లకిలా పడుకోవడానికి సిగ్గుపడిందని ఆయన అనుకున్నారు. వాళ్ళావిడ చేత నాకు రెండు పైజమాలు కుట్టించి పంపారు. అవి వేసుకున్నాను, అయినా పడుకోలేదు. ఒకరోజు ఒక ఆఫీసరుగారి బంగళాలో పని ముగించుకుని వెనక గుమ్మంలో కూర్చుని ముఢీ, అంటే మరమరాలు, తింటుండగా అడిగారు.

"అమ్మా, ఒక మాట. వొంగుతున్నావు, మోకాళ్ళేస్తున్నావు, అన్నీ సేస్తున్నావు. వీపు ఎందుకు దించవు?"

"అలవాటు లేదండి."

"ఎవుళికున్నాది? మా యమ్మ కడుపులోంచి సింకు కింద పడ్డానేటి నేను?"

అప్పన్న పడీపడీ నవ్వాడు. మేస్త్రిగారు నవ్వలేదు. "పరీచ్చలో నేనుండను, నీ పక్కన. పదో నట్టు వొస్తే ఎవుళిని పిలుస్తావు?" అన్నారు. నేను ముఢీ పొట్లం మడిచి సంచీ భుజానికెత్తుకున్నాను.

నేను చేసే పని ఏమిటో ఇంట్లో నాయనమ్మకు పూర్తిగా చెప్పలేదు. ఆఫీసులో పని అన్నాను. అది అబద్ధం కాదు, హాజరు ఆఫీసులోనే వేసేవారు. సాయంత్రం వచ్చేసరికి ఆవిడ వసారాలో పీట మీద నిటారుగా కూర్చుని ఉండేది. నా గోళ్ళ వైపు ఒకసారి చూసి, "నీళ్ళు కాగినాయి" అనేది. అంతే. ఆవిడ అడగలేదు గనక ఆవిడకు తెలియదనుకున్నాను. ఇద్దరం ఒకరి నుంచి ఒకరం దాచుకుంటూ ఒకే పళ్ళెంలో కూరలు తరుక్కునేవాళ్ళం.

పరీక్షను వర్క్స్ గోదాము వెనక ఆవరణలో పెట్టారు. ముందురోజు వాన పడింది. గోడకు ఒక తెల్ల పింగాణీ సింకు బిగించి ఉంది. దాని కింద ఇటుకల నేల మీద నాచూ, సున్నపు నీళ్ళూ కలిసి పాదం మునిగేంత మడుగుంది. పక్కన బల్ల మీద గోనె పరిచి పనిముట్లు వరసగా పెట్టారు. స్లైడ్ రెంచి, పైపు రెంచి, కొంగ. పాత కుళాయి విప్పి కొత్తది బిగించాలి. ఇన్‌స్పెక్టరు బాబు నియమం స్పష్టంగా చెప్పాడు. ఒక్కటే పనిముట్టు తీసుకోవాలి. ఎంతసేపైనా చూసుకోవచ్చు గానీ, ఒకసారి చేతిలోకి తీసుకున్నాక మార్చుకోవడానికి లేదు. నలుగురం పరీక్షకు వచ్చాం, నాది మూడో వంతు. నా ముందు ఇద్దరూ తటాలున మడుగులో పడుకుని, లేచి, కొంగ తీసుకుని, మళ్ళీ పడుకుని పని ముగించారు. వాళ్ళ వీపులు నల్లగా కారుతున్నాయి. చుట్టూ ఇరవై మంది దాకా గుమిగూడారు. వాళ్ళలో ఆఫీసు గుమాస్తా నాయుడుగారొకరు. ఆయనది మా వైపే. వాళ్ళ తాత మా ముత్తాతగారి గుర్రాలు చూసుకునేవాడట. నేను చేరిన కొత్తలో ఆయనే ఆ మాట నాతో చెప్పి, చెప్పినందుకు సంతోషపడ్డాడు. ఇప్పుడు చేతులు కట్టుకుని ముందు వరసలో నిలబడ్డాడు.

నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను. తల వాల్చి చూశాను. గోడ వైపు సందులో నట్టు అంచులు రెండు కనిపించాయి. అది ఇత్తడిదని తెలుస్తోంది. స్లైడ్ రెంచి పిడి అక్కడ తిరగదని తెలుస్తోంది. పైపు రెంచి పళ్ళకు ఆ నట్టు ఆగదని కూడా నాకు తెలుసు. ఇవన్నీ చదువుకున్న పాఠంలా నా ముందు ఉన్నాయి. లేచి బల్ల దగ్గరికి వెళ్ళాను. నా చెయ్యి కొంగ మీద ఆగింది. దాని చల్లదనం వేళ్ళకు తగలబోతోంది. అప్పుడు నాయుడుగారి ముఖం కనబడింది. ఆయన ముఖంలో వెక్కిరింత లేదు. జాలి ఉంది. వెక్కిరింతైతే పడుకునేదాన్నేమో. నా చెయ్యి పక్కకు జరిగి, మోకాళ్ళ మీద ఉండి కూడా వాడగలిగే దాన్ని, పొడుగు పిడి పైపు రెంచిని తీసుకుంది. గుంపు వెనక ఎక్కడో దానియేలు మేస్త్రిగారు "అయ్యో" అనడం వినిపించింది.

మొదటి పట్టు ఆగింది. నట్టు అరంగుళం కదిలింది కూడా. ఆ అరంగుళం సేపు నేనే గెలిచాననుకున్నాను. రెండో పట్టుకు పళ్ళు జారాయి. మూడోదానికి మూలలు చిట్లి, ఇత్తడి పొడి నా మణికట్టు మీద రాలింది. ఆ తరువాత నట్టు నున్నగా, గుండ్రంగా మిగిలింది. ఇక దేనికీ చిక్కదు. ఇన్‌స్పెక్టరు బాబు కఠినుడు కాదు. దగ్గరికి వచ్చి వంగి, హిందీలో మెల్లగా అడిగాడు. "ఆప్‌కో మాలూమ్ థా నా?" మీకు తెలుసు కదా అని. ఔనంటే ఎందుకు తీయలేదని తరువాతి ప్రశ్న వస్తుంది. "నహీ సాబ్" అన్నాను. పడుకోలేకపోయానని ఒప్పుకోవడం కన్నా పని రానిదాన్నని అనిపించుకోవడమే నాకు తేలికైంది. ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నాడు. నా తరువాతివాడి కోసం సింకుకు కొత్త కుళాయీ కొత్త నట్టూ బిగించారు.

మళ్ళీ పరీక్ష ఏడాదికి గానీ రాదు. క్వార్టరు గడువు అంతకు చాలా ముందే ముగిసింది. నెగ్గలేదని నాయనమ్మకు చెప్పాను. ఎందుకో చెప్పలేదు, ఆవిడ అడగలేదు. ఖాళీ చేసే రోజున అప్పన్న ఎక్కడి నుంచో వ్యాన్ రిక్షా తెచ్చాడు, మేస్త్రిగారు తాళ్ళు తెచ్చారు. ట్రంకు పెట్టె, మంచం, గిన్నెల గోనె అన్నీ ఎక్కించారు. నాయనమ్మ ఖాళీ గది మధ్య పీట వేసుకుని కూర్చుంది. మేస్త్రిగారు ఆ పీట కోసం వచ్చి, ఆవిడను లేపలేక తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని, బాధలో నోరుజారారు.

"ఆ రోజు కొంగ తీసుంటే ఈ సామాను కదిలీది కాదు దొరసానమ్మా. తెలిసి కూడా తియ్యలేదు మీ మనవరాలు. పడుకోవాలి కదాని."

నాయనమ్మ నా వైపు తిరిగింది. "ఏటది?" అంది.

ఇక దాచడానికేమీ లేదు. సింకు, మడుగు, నాయుడుగారు, వీపు, అన్నీ చెప్పాను. చెబుతున్నంతసేపూ, నిజం ఒప్పుకుంటున్నాను, నాకు కొంత మెప్పు కూడా ఉందనుకున్నాను. ఇల్లు పోగొట్టాను గానీ ఆవిడ నియమం పోగొట్టలేదు. ఆవిడ పీట మీద నిటారుగానే కూర్చుని అంతా వింది. వీధిలో అప్పన్న తాడు బిగిస్తూ పడుతున్న రాగం ఆగిపోయింది.

"మీ నాన్న పద్దెనిమిదేళ్ళు బోగీల కింద పడుకున్నాడు. వాడి వీపు నేను చూడలేదనుకున్నావా? ఆ నూనె మరక ఏ సబ్బుకి పోతాదో ఈ కాలనీలో నాకు తెలిసినట్టు ఎవరికి తెలుసు?" ఆవిడ గొంతు పెరగలేదు. "ఆనించకూడదని నేనన్నది కూర్చున్నప్పుడు. కూర్చున్నప్పటి మాట అది, రాజ్యం. పని సేసినప్పటి మాట కాదు."

సేసినప్పటి అంది. ఆవిడ నోట చ జారి స కావడం నా జీవితంలో అదే మొదటిసారి. ఆవిడే అది విని ఆగిందో, చెప్పాల్సింది అయిపోయి ఆగిందో తెలియదు. మోకాలి మీద చెయ్యి ఆన్చి లేచింది. పీట తనే తీసి మేస్త్రిగారి చేతికిచ్చి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా గడప దాటింది.

నిమ్‌పురాలో మాకు దొరికింది పది అడుగుల గది. యార్డులో బండ్లు గుద్దుకున్నప్పుడల్లా గిన్నెలు కదిలేవి. అక్కడ అడ్డపొగ కాల్చడానికి మూసుకునే తలుపు కూడా లేదు. వంట, పడక, స్నానం అన్నీ ఒకదాని పక్కన ఒకటి. నాయనమ్మ మానేసిందా అంటే మానలేదు, వీధిలోకి చూస్తూ బాహాటంగానే కాల్చేది. మరుసటేడు పరీక్షలో నట్టు ఎటువైపుందో చూడడానికి ముందే పడుకున్నాను. ఎవరు చూస్తున్నారో నాకు గుర్తు లేదు. కింద పడుకున్నవాళ్ళకు చుట్టూ నిలబడినవాళ్ళ చెప్పులు తప్ప ముఖాలు కనబడవని ఆరోజు తెలిసింది. సాయంత్రం ఇంటికొస్తే నాయనమ్మ "తిరుగు" అంది. తిరిగాను. వీపంతా చూసి, "ఆ చొక్కా ఇలా ఇచ్చేయి" అంది. నేను నెగ్గానని ఇద్దరిలో ఎవరమూ పైకి అనలేదు. ఆ తరువాత ఆవిడ రెండేళ్ళుంది. ఫిట్టరు దర్జాకు నాకు క్వార్టరు వచ్చేసరికి లేదు. నాకు వచ్చింది వేరే వీధిలో, నా ఒక్కదానికి.

ఇప్పటి వంటిళ్ళలో సింకు కింద చెక్క బీరువా కట్టేస్తున్నారు. దాన్నిండా సీసాలూ సంచులూ. ఫోను చేస్తే వచ్చే పనివాళ్ళు శుభ్రమైన చొక్కాలతో వస్తారు, ఫోనును సందులోకి దూర్చి నట్టు ఫొటో తీసుకుని చూస్తారు. అది తప్పని నేను అనను. పడుకోకుండా చూడగలిగే దారి నాకు ఆ రోజుల్లో దొరికి ఉంటే మేం నిమ్‌పురా వెళ్ళేవాళ్ళం కాదు. అయితే ఫొటోలో నట్టు కనబడుతుంది గానీ దాని చుట్టూ చేతికి ఎంత చోటుందో కనబడదు. అందుకే వాళ్ళు ఒక్కో పనికి నాలుగేసి పనిముట్లు మార్చడం చూస్తుంటాను. మా వంశం గురించి ఇప్పుడెవరూ అడగరు. ఖరగ్‌పూరులో మా ముత్తాత పేరు తెలిసినవాళ్ళలో చివరిదాన్ని నేనే అయి ఉంటాను. నేనిప్పటికీ గోడకు ఆనుకుని కూర్చోను. అది నాకు మిగిలిన ఆస్తి, దాన్ని ఎవరికీ వివరించాల్సిన పని లేదు. కానీ ఒక నియమం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో, దాన్ని పెట్టిన మనిషి ఎదురుగా ఉండగా ఒక్కసారైనా అడగలేదే అన్నది మాత్రం ఇన్నేళ్ళయినా నాకు కొరుకుడు పడలేదు. అడగడం కూడా ఒక రకంగా వంగడమే అనుకున్నానేమో.

నాయనమ్మ పోయిన కొన్నాళ్ళకు ట్రాఫిక్‌లోని క్వార్టర్ల వంటగదుల్లో పాత గచ్చు తొట్లు తీసేసి సింకులు పెట్టించారు. ఒక పొద్దున్న ఆఫీసులో నా పేర వచ్చిన ఫిర్యాదు చీటీ మీద క్వార్టరు నంబరు చూసి దానియేలు మేస్త్రిగారు "అప్పన్నను పంపిస్తానమ్మా, నువ్వు వేరే దానికి ఎల్లు" అన్నారు. నా పేర వచ్చింది, నేనే వెళ్తానన్నాను. తలుపు తీసింది ఒక బెంగాలీ ఇల్లాలు. నా వయసే ఉంటుంది, చేతులకు పిండి అంటుకుని ఉంది. కుళాయి వదులై ఊగుతోందని చెబుతూనే ఉంది, నేను ముందుగది దాటి, ఎడమకు తిరిగి, వసారా పక్కనుంచి వంటగదిలోకి వెళ్ళిపోయాను. సంచీ రెండడుగుల దూరంలో పెట్టి ఉత్త చేతులతో కింద పడుకున్నాను. అదే ఎర్ర గచ్చు, వీపుకు చల్లగా తగిలింది. ఆ గదిలో పద్దెనిమిదేళ్ళు తిరిగాను గానీ దాన్ని అక్కడి నుంచి ఎన్నడూ చూడలేదు. నట్టుకు ఆరు మూలలూ ఉన్నాయి. చుట్టూ మూడు వేళ్ళ చోటుంది. చెయ్యి చాపి కొంగ అందుకున్నాను. ముక్కు ఆనిన చప్పుడు వినబడింది. నాలుగు చుట్లలో పని అయిపోయింది.

లేచి చేతులు తుడుచుకుంటుంటే ఆవిడ గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది. "దీదీ, వంటగది ఎటువైపో నేను చెప్పనేలేదు. మీకెలా తెలిసింది?" అని బెంగాలీలో అడిగింది.

"ట్రాఫిక్‌లో క్వార్టర్లన్నీ ఒక్కలాగే ఉంటాయి బౌదీ" అని ఆవిడ భాషలోనే చెప్పి, చీటీ మీద ఎక్కడ సంతకం పెట్టాలో చూపించాను.